ఆక్సీనైట్రైడ్ రంగు, ఆ 1.7 ఎలక్ట్రాన్ వోల్టుల లెక్క: ముందు ఆనయాన్లను లెక్కపెట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నారు. మిశ్రమ ఆనయాన్ స్ఫటికాల, అంటే రెండు రకాల ఋణ అయాన్లు (ఆనయాన్లు) కలిసి ఉన్న స్ఫటికాల, కాంతి ధర్మాల మీద పని చేయమని గైడ్ గారు చెప్పారు. లాంథనం టైటానియం ఆక్సైడ్ తెల్ల పొడిని 950 డిగ్రీల దగ్గర అమ్మోనియాలో వేడి చేసి ఆక్సీనైట్రైడ్ తయారుచేశారు. ఎర్రగా వస్తుందనుకుంటే పచ్చదనం కలిసిన ముదురు గోధుమ రంగులో వచ్చింది. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్ కిరణ వివర్తనం) పీకులన్నీ సరిపోయాయి. టాక్ ప్లాట్ (శోషణ నుంచి గ్యాప్ లెక్కగట్టే గ్రాఫ్) మాత్రం బ్యాండ్ గ్యాప్, అంటే పదార్థం మింగే కాంతికి ఉండాల్సిన కనీస శక్తి, 1.7 ఎలక్ట్రాన్ వోల్టులని చూపిస్తోంది, పేపర్లలో ఉన్నది 2.1. ఇది కొత్త ఫలితమా, అసలు రెండు ఆనయాన్లు కలిపితే ఏం లాభం, ఏ పదార్థం ఎంచుకుంటే మంచిది అని అడిగారు.

మొదటి దానికి జవాబు ముందే చెప్పేస్తాను. ఆ 1.7ను ఎక్కడా రాయకండి. మీ పదార్థం బ్యాండ్ గ్యాప్ తగ్గి ఉండకపోవచ్చు. అందులో కొంత టైటానియం 4+ స్థితి నుంచి 3+కు దిగిపోయి, గ్యాప్ కంటే తక్కువ శక్తి ఉన్న కాంతిని కూడా మింగుతోందని నా అభిప్రాయం. మీరు చెప్పిన రంగే ఆ మాట అంటోంది. దీన్ని ఎలా తేల్చుకోవాలో కింద వివరంగా రాస్తాను. దానికి ముందు, రెండు ఆనయాన్లు ఎందుకన్న ప్రశ్న తేలాలి. అది అర్థమైతే మీ పొడి గోధుమ రంగులోకి ఎందుకు తిరిగిందో కూడా అర్థమవుతుంది.

టైటానియం 4+, టాంటలం 5+ లాంటి డీ ఎలక్ట్రాన్లు లేని లోహ అయాన్ల సమ్మేళనాల్లో కండక్షన్ బ్యాండ్ (ఖాళీగా ఉండే పై శక్తి స్థాయిలు) అడుగు లోహం డీ ఆర్బిటాళ్లతో, వేలెన్స్ బ్యాండ్ (ఎలక్ట్రాన్లతో నిండిన కింది స్థాయిలు) పైభాగం ఆనయాన్ పీ ఆర్బిటాళ్లతో తయారవుతాయి. ఈ రెండింటి మధ్య దూరమే గ్యాప్. ఆక్సిజన్ ఋణవిద్యుదాత్మకత పౌలింగ్ స్కేలు మీద 3.44, నైట్రోజన్‌ది 3.04, సల్ఫర్‌ది 2.58. ఎలక్ట్రాన్లను గట్టిగా పట్టుకునే ఆక్సిజన్ 2పీ స్థాయిలు కిందికి ఉంటాయి, నైట్రోజన్ 2పీ వాటి కంటే పైన, సల్ఫర్ 3పీ ఇంకా పైన. అందుకే టాంటలం ఆక్సైడ్ గ్యాప్ దాదాపు 3.9 ఎలక్ట్రాన్ వోల్టులు, పొడి తెల్లగా ఉంటుంది. ఒక ఆక్సిజన్, ఒక నైట్రోజన్ ఉన్న టాంటలం ఆక్సీనైట్రైడ్‌లో అది సుమారు 2.5, రంగు పసుపు. పూర్తి నైట్రైడ్‌లో 2.1, రంగు ఎరుపు. ఈ మూడింటిలోనూ కండక్షన్ బ్యాండ్ అడుగు దాదాపు ఒకే చోట ఉంటుందనీ, కదిలేది వేలెన్స్ బ్యాండేననీ టోక్యోలో కజునారి డోమెన్ బృందం 2003 ప్రాంతంలో ఫోటోఎలక్ట్రాన్ కొలతలతో చూపించింది. కప్పు అలాగే ఉంచి గచ్చును మాత్రం ఎత్తు చేస్తే గది ఎత్తు తగ్గినట్టు గ్యాప్ తగ్గుతుంది.

నీటిని కాంతితో విడగొట్టే వాళ్లకు ఇది వరంలాంటిది. హైడ్రోజన్ విడుదల కావాలంటే కండక్షన్ బ్యాండ్ అంత ఎత్తులోనే ఉండాలి, దాన్ని కదిలించకుండా గ్యాప్ తగ్గించాలి. వేరే లోహాన్ని కొద్దిగా కలిపి (డోప్ చేసి) రంగు తెప్పిస్తే సాధారణంగా గ్యాప్ మధ్యలో ఒంటరి స్థాయిలు ఏర్పడి ఎలక్ట్రాన్లూ హోల్సూ (ఎలక్ట్రాన్ వెళ్లిపోయిన ఖాళీలు) అక్కడే చిక్కుకుపోతాయి. ఆనయాన్‌ను పెద్ద మొత్తంలో మారిస్తే స్థాయిలకు బదులు బ్యాండే పైకి జరుగుతుంది. డోపింగ్‌కూ మిశ్రమ ఆనయాన్ సమ్మేళనానికీ అసలు తేడా ఇదే. టైటానియం డయాక్సైడ్‌లో ఒకటి రెండు శాతం నైట్రోజన్ పెట్టి మిశ్రమ ఆనయాన్ అని రాసే పేపర్లు చాలా ఉన్నాయి. నేను వాటిని ఈ జాబితాలో కలపను.

ఆక్సిజన్ చోట నైట్రోజన్ పెడితే ఛార్జి ఒకటి తేడా వస్తుంది. దాన్ని ఎక్కడో ఒకచోట సరిచేయాలి. 2000లో మార్టిన్ యాన్సెన్, లెట్‌షెర్ట్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో చూపించిన పిగ్మెంట్లు దీనికి అందమైన ఉదాహరణ. కాల్షియం టాంటలం ఆక్సీనైట్రైడ్‌లో రెండు ఆక్సిజన్లకు ఒక నైట్రోజన్ ఉంటుంది, పసుపు రంగు. లాంథనం టాంటలం ఆక్సీనైట్రైడ్‌లో ఒక ఆక్సిజన్‌కు రెండు నైట్రోజన్లు, ఎరుపు రంగు. 2+ కాల్షియాన్ని కొంచెం కొంచెంగా 3+ లాంథనంతో మారుస్తూ, అదే లెక్కన ఆక్సిజన్‌ను నైట్రోజన్‌తో మారుస్తూ పోతే పసుపు, నారింజ, ముదురు ఎరుపు వరకు రంగు మనకు కావలసిన చోట ఆగుతుంది. అప్పటిదాకా ప్లాస్టిక్కులు, పింగాణీకి ఈ రంగుల కోసం వాడింది కాడ్మియం సల్ఫైడ్, సెలినైడ్‌ల ఘన ద్రావణాలను (ఒకే స్ఫటికంలో కలిసిపోయిన మిశ్రమాలను). అవీ రెండు ఆనయాన్లున్న పదార్థాలే, సల్ఫైడ్ గ్యాప్ 2.4, సెలినైడ్ గ్యాప్ 1.7. కాడ్మియం విషం కాబట్టే కొత్తవాటి కోసం వెతికారు.

నైట్రోజన్ లెక్క ఒక్కటే అన్నీ చెప్పదు. కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం టాంటలం ఆక్సీనైట్రైడ్‌లలో ఆనయాన్ల నిష్పత్తి ఒక్కటే. అయినా గ్యాప్‌లు సుమారు 2.4, 2.1, 1.8. కాల్షియం చిన్నది కాబట్టి దాని చుట్టూ ఉన్న అష్టముఖులు (ఒక్కో టాంటలం, దాన్ని చుట్టిన ఆరు ఆనయాన్లు) వంగుతాయి, టాంటలం-ఆనయాన్-టాంటలం బంధం వంకర తిరుగుతుంది, ఆర్బిటాళ్ల అతివ్యాప్తి తగ్గి బ్యాండ్లు సన్నబడి గ్యాప్ పెరుగుతుంది. బేరియం పెద్దది కావడంతో బంధాలు నిటారుగా ఉండి బ్యాండ్లు వెడల్పవుతాయి. మీ లాంథనం టైటానియం పదార్థానికి పోలికగా ఏ పేపరు తీసుకున్నా, అక్కడి నిర్మాణం, వంపు కోణాలు మీవాటితో కలుస్తున్నాయో లేదో చూసుకోండి.

గాలియం నైట్రైడ్, జింక్ ఆక్సైడ్ ఘన ద్రావణం ఇంకా ఆశ్చర్యం. నైట్రైడ్ గ్యాప్ 3.4, ఆక్సైడ్ గ్యాప్ 3.2, విడివిడిగా దేనికీ కనిపించే కాంతిలో శోషణ లేదు. కలిపితే పసుపు పొడి వస్తుంది, గ్యాప్ 2.4 నుంచి 2.8 వరకు. జింక్ 3డీ ఎలక్ట్రాన్లు నైట్రోజన్ 2పీ స్థాయిలను పైకి నెట్టడం దీనికి కారణమని డోమెన్, మాయెదా బృందం 2005లో వివరించింది. రెండు చివర్ల సరాసరి తీసి మధ్యలో ఎంత వస్తుందో ఊహించే అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఋణవిద్యుదాత్మకత వరస చూసి ఎవరు పైన ఉంటారో చెప్పేయడం కూడా ప్రమాదమే. బిస్మత్ ఆక్సీహాలైడ్‌లలో ఆ వరస బాగానే నడుస్తుంది. క్లోరైడ్ తెలుపు, గ్యాప్ 3.2 పైన. బ్రోమైడ్ లేత పసుపు, దాదాపు 2.7. అయొడైడ్ ఇటుక ఎరుపు, 1.8 చుట్టూ. కానీ బిస్మత్, నియోబియం, ఆక్సిజన్, క్లోరిన్ కలిసిన ఒక పొరల సమ్మేళనం ఉంది. నాలుగు బిస్మత్‌లు, ఒక నియోబియం, ఎనిమిది ఆక్సిజన్లు, ఒక క్లోరిన్. దాని గ్యాప్ 2.4. వేలెన్స్ బ్యాండ్ పైన ఉన్నది క్లోరిన్ కాదు, ఆక్సిజనే. స్ఫటికంలో ఆక్సిజన్ కూర్చున్న చోటు విద్యుత్ పొటెన్షియల్ దాని స్థాయిలను మామూలు కంటే చాలా పైకి తెచ్చింది. 2016లో జపాన్‌లో ర్యూ అబే బృందం దీన్ని వివరించిన తర్వాత ఈ కుటుంబానికి ఎంత ఆదరణ వచ్చిందో చెప్పలేను. కారణం ఏమిటంటే, కాంతి తగిలినప్పుడు ఏర్పడే హోల్ ఆక్సిజన్ మీద ఉంటే పదార్థం తనను తాను తినేసుకోదు. నైట్రోజన్, సల్ఫర్ పైన ఉన్న వాటికి ఆ తిప్పలు తప్పవు. కాబట్టి ఆనయాన్ పేరుతో పాటు అది కూర్చున్న చోటు కూడా చూడాలి.

ఇక మీ పొడి దగ్గరికి వద్దాం.

ఎక్స్‌ఆర్‌డీ సరిపోయింది అంటే అర్థం పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక నిర్మాణం వచ్చిందని మాత్రమే. ఆక్సిజన్‌కు 8 ఎలక్ట్రాన్లు, నైట్రోజన్‌కు 7. లాంథనం లాంటి బరువైన పరమాణువు పక్కన ఎక్స్ కిరణాలకు ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. నైట్రోజన్ పది శాతం తక్కువైనా, కొన్ని ఆనయాన్ చోట్లు ఖాళీగా ఉన్నా పీకుల స్థానాలు చాలా స్వల్పంగా కదులుతాయి. ఒకటి రెండు శాతం టైటానియం నైట్రైడ్ మలినం ఉంటే అది కూడా పీకుల్లో దొరక్కుండా తప్పించుకుంటుంది, పొడిని మాత్రం నల్లబరుస్తుంది. నైట్రోజన్, ఆక్సిజన్‌లను వేరుగా చూడాలంటే న్యూట్రాన్లు కావాలి. న్యూట్రాన్ పరిక్షేపణ పొడవు (పరమాణువు న్యూట్రాన్లను ఎంత బలంగా చెదరగొడుతుందో చెప్పే కొలత) నైట్రోజన్‌కు 9.36 ఫెంటోమీటర్లు, ఆక్సిజన్‌కు 5.80. తేడా స్పష్టం. మన దేశంలో ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్ దగ్గర న్యూట్రాన్ వివర్తన పరికరాలు ఉన్నాయి. విశ్వవిద్యాలయాల వాళ్లు యూజీసీ-డీఏఈ కన్సార్షియం ద్వారా అక్కడ పని చేయవచ్చు. ఒక మాట గుర్తుంచుకోండి, ఫ్లోరిన్‌కు ఆ విలువ 5.65. అంటే ఆక్సీఫ్లోరైడ్‌లలో న్యూట్రాన్లు కూడా పెద్దగా తోడు రావు, అక్కడ ఫ్లోరిన్ ఎన్‌ఎంఆర్, బంధ వేలెన్స్ లెక్కలు వాడాలి.

న్యూట్రాన్లు దొరికే లోపల మీ ల్యాబ్‌లోనే తేల్చుకునే మార్గం ఉంది. థర్మోగ్రావిమెట్రీ, అంటే టీజీ, వేడి చేస్తూ బరువు మార్పు చూడటం. పొడిని గాలిలో వేడి చేస్తే నైట్రోజన్ పోయి, ఆక్సిజన్ చేరి, మళ్లీ తెల్ల ఆక్సైడ్ అవుతుంది. ఒక లాంథనం, ఒక టైటానియం, రెండు ఆక్సిజన్లు, ఒక నైట్రోజన్ కచ్చితంగా ఉంటే ఫార్ములా భారం 232.78. ఆక్సైడ్ అయ్యాక ఆ లాంథనం, టైటానియంలకు మూడున్నర ఆక్సిజన్లు, భారం 242.77. పెరగాల్సిన బరువు 4.29 శాతం.

ఇప్పుడు రెండు సందర్భాలు ఊహించండి. మొదటిది, పదో వంతు నైట్రోజన్ చేరలేదు, ఆ చోట ఆక్సిజనే మిగిలింది, టైటానియం అంతా 4+గానే ఉంది. అప్పుడు పెరిగే బరువు 3.85 శాతం. రెండోది, పదో వంతు నైట్రోజన్ చోట్లు ఖాళీగా ఉన్నాయి, ఛార్జి సరిపోవడానికి టైటానియంలో కొంత 3+ అయింది. అప్పుడు 4.92 శాతం. ఈ రెండు పొడులనూ నైట్రోజన్ ఎనలైజర్‌కు పంపితే ఒకదానికి 5.39 శాతం, రెండోదానికి 5.45 శాతం అని వస్తుంది. ఆ తేడాను చాలా పరికరాలు పట్టలేవు. సరైన పదార్థానికి రావాల్సింది 6.02 శాతం. అంటే నైట్రోజన్ విశ్లేషణ ఒక్కటీ చేసినవాళ్లకు రెండూ ఒకటే పొడి. టీజీ మాత్రం ఒకదాన్ని 4.29కు కిందా, ఇంకోదాన్ని పైనా నిలబెడుతుంది. మీది పైన వస్తుందని నా అంచనా. రెండు లోపాలూ కలిసి ఉంటే బరువు సరిగ్గా 4.29 దగ్గర ఆగి మోసం చేయవచ్చు, అందుకే రెండు పరీక్షలూ కలిపి చూడాలి.

టీజీ చేసేటప్పుడు ఒక జాగ్రత్త. ఆక్సీనైట్రైడ్‌లు ఆక్సీకరణం చెందేటప్పుడు విడుదలైన నైట్రోజన్ అణువులు కొంతసేపు ఘనంలోనే చిక్కుకుని ఉంటాయి. బరువు ముందు ఎక్కువ పెరిగి, ఇంకా వేడి చేశాక తగ్గి నిలకడ అవుతుంది. ఆ శిఖరం దగ్గర అంకె తీసుకుంటే లెక్క తప్పుతుంది. 1000 డిగ్రీలు దాటించి, గీత బల్లపరుపుగా అయ్యేవరకు ఉంచండి. చివర్లో మూసలో మిగిలింది తెల్లగా ఉందో లేదో కళ్లతో చూడండి, దానికి ఎక్స్‌ఆర్‌డీ కూడా తీయండి.

రిఫ్లెక్టెన్స్ గ్రాఫ్‌ను టాక్ ప్లాట్‌గా మార్చే ముందు ఉన్నదున్నట్టుగా ఒకసారి చూడండి. 2.1 ఎలక్ట్రాన్ వోల్టులంటే 590 నానోమీటర్లు, 1.7 అంటే దాదాపు 730. మంచి నమూనాలో 600 దగ్గర పరావర్తనం నిటారుగా పైకి లేచి, ఎరుపు, సమీప పరారుణ ప్రాంతాల్లో ఎత్తుగానే నిలుస్తుంది. టైటానియం 3+ ఉన్న నమూనాలో గీత సగంలో ఆగిపోయి, పరారుణం వైపు పోయేకొద్దీ మళ్లీ వాలుతుంది. ఎరుపు కాంతిని కూడా మింగేయడం వల్లే పొడి ఎరుపు పోగొట్టుకుని పచ్చదనం కలిసిన మట్టి రంగులోకి వెళ్తుంది. అలాంటి గ్రాఫ్‌కు కూబెల్కా-మంక్ మార్పు (పరావర్తనాన్ని శోషణగా మార్చే సూత్రం) చేసి, టాక్ పద్ధతిలో గీత లాగి, సున్నా అక్షం దాకా పొడిగిస్తే ఆ తోక గీతను తక్కువ శక్తి వైపు లాగుతుంది. మీ 1.7 అలా వచ్చిందే. గీతను సున్నా అక్షంతో కాకుండా తోక పొడవునా గీసిన అడుగు గీతతో కలిపి చూడండి, అంకె 2 దాటుతుంది. ఇంకొకటి, కూబెల్కా-మంక్ సూత్రం బలంగా శోషించే పొడులకు సరిగ్గా వర్తించదు. బేరియం సల్ఫేట్‌లో పలచన చేసి మళ్లీ కొలవండి. డైరెక్ట్ అని, ఇండైరెక్ట్ అని రెండు ఘాతాలూ వేసి పేపరుకు దగ్గరగా వచ్చినది ఎంచుకోవడం మాత్రం చేయకండి. ఏది సరైనదో పదార్థం బ్యాండ్ నిర్మాణం చెప్పాలి, మన ఇష్టం కాదు.

రంగు బాగు చేయడానికి ఫర్నేస్ దగ్గర చూడాల్సింది అమ్మోనియా ప్రవాహం. ఆ వేడికి అమ్మోనియా నైట్రోజన్, హైడ్రోజన్‌లుగా విడిపోతుంది. ప్రవాహం నెమ్మదిగా ఉంటే పొడి పెట్టిన పడవ ఆకారపు మూస దగ్గరికి చేరేది అమ్మోనియా కాదు, హైడ్రోజన్ కలిసిన నైట్రోజన్. అది నైట్రైడ్ చేయదు, టైటానియాన్ని క్షయకరణం చేస్తుంది. ప్రవాహం పెంచండి. ఉష్ణోగ్రత 50 డిగ్రీలు తగ్గించి సమయం పెంచండి, మధ్యలో తీసి నూరి మళ్లీ పెట్టండి. సోడియం, పొటాషియం క్లోరైడ్‌ల ఫ్లక్స్ (కరిగి స్ఫటికాలు పెరగడానికి తోడ్పడే లవణం) వేస్తే స్ఫటికాలు పెద్దవై లోపాలు తగ్గుతాయి. చల్లారేటప్పుడు కూడా అమ్మోనియా ఆపకండి. ఇవన్నీ ఫ్యూమ్ హుడ్‌లో, బయటికి పోయే వాయువును పలచని ఆమ్లంలోకి పంపుతూ, ఆ ఆమ్లం వెనక్కి ట్యూబులోకి పీల్చుకోకుండా మధ్యలో ఖాళీ సీసా పెట్టి చేయాలి. ఈ విషయంలో తొందర వద్దు. టాంటలంతో చేసేవాళ్లకు ఈ ఇబ్బంది తక్కువ, 5+ టాంటలం క్షయకరణానికి బాగా తట్టుకుంటుంది. నియోబియం, టైటానియంలు అంత గట్టివి కావు. ఆక్సీనైట్రైడ్ పిగ్మెంట్ల కథ ఎక్కువగా టాంటలంతోనే నడవడానికి ఇది పెద్ద కారణం.

డీఎఫ్‌టీ (కంప్యూటర్‌లో ఎలక్ట్రాన్ల స్థాయిలు లెక్కగట్టే పద్ధతి) లెక్క కూడా చేయిస్తున్నారని రాశారు. అందులో మామూలుగా వాడే పీబీఈ పద్ధతి గ్యాప్‌ను తక్కువ చేసి చూపిస్తుంది, దాని అంకె మీ 1.7కు దగ్గరగా వస్తే సంబరపడకండి. గ్యాప్‌ను ఇంకా సరిగ్గా ఇచ్చే హెచ్‌ఎస్‌ఈ పద్ధతితో చేయించండి. మోడల్‌లో నైట్రోజన్లను ఎక్కడ పెట్టారన్నది అంతకంటే ముఖ్యం. ఎడిన్‌బరోలో పాల్ ఆట్‌ఫీల్డ్ బృందం 2011లో స్ట్రాన్షియం టాంటలం, స్ట్రాన్షియం నియోబియం ఆక్సీనైట్రైడ్‌లపై చేసిన న్యూట్రాన్ పనిలో నైట్రోజన్లు ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన, సిస్ అమరికలో ఉండటానికే మొగ్గు చూపుతాయని తేలింది. ఎదురెదురుగా పెట్టిన ట్రాన్స్ అమరికతో చేసిన లెక్క వేరే పదార్థం గురించి చెబుతున్నట్టే.

శోషణ గురించే ఇంతసేపు రాశాను, మీ ప్రశ్న కాంతి ధర్మాలన్నిటి గురించీ. వెలుగు ఇచ్చే వాటిలో మిశ్రమ ఆనయాన్లు ఎప్పటినుంచో మన ఇళ్లలోనే ఉన్నాయి. పాత ట్యూబ్‌లైట్ లోపలి తెల్లని పూత కాల్షియం హాలోఫాస్ఫేట్. ఫాస్ఫేట్‌తో పాటు ఫ్లోరైడ్, క్లోరైడ్ కూడా ఉన్న అపటైట్ అది. అందులో యాంటిమనీ నీలం, మాంగనీస్ నారింజ ఇస్తాయి. 1942లో ఇంగ్లండ్‌లో మెకీగ్, రాన్బీ కనిపెట్టారు. మాంగనీస్ మోతాదు, ఫ్లోరిన్-క్లోరిన్ నిష్పత్తి మార్చి చల్లని తెలుపు, వెచ్చని తెలుపు రాబట్టేవారు. బరువైన పాత కలర్ టీవీలో ఎరుపు చుక్క ఇట్రియం ఆక్సీసల్ఫైడ్‌లో యూరోపియంది. యూరోపియం 3+ గీతల స్థానాలు 4ఎఫ్ లోపలివి కాబట్టి ఆనయాన్‌ను బట్టి పెద్దగా మారవు. ఏ గీత బలంగా వెలుగుతుందన్నది మారుతుంది. ఆక్సీసల్ఫైడ్‌లో లోహం చుట్టూ నాలుగు ఆక్సిజన్లు, మూడు సల్ఫర్లు ఉంటాయి. ఒక పక్క ఒకటి, ఇంకో పక్క ఒకటి కావడంతో విలోమ సౌష్ఠవం ఉండదు, 626 నానోమీటర్ల ఎరుపు గీత బలపడుతుంది. గాడోలినియం ఆక్సీసల్ఫైడ్‌లో టెర్బియం పెడితే 545 దగ్గర ఆకుపచ్చ, ఎక్స్‌రే తెరల్లో అదే వాడతారు. బరువైన గాడోలినియం ఎక్స్ కిరణాలను ఆపుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది బేరియం ఫ్లోరోబ్రోమైడ్. డిజిటల్ డిటెక్టర్లు అన్నిచోట్లా రాకముందు ఆసుపత్రుల్లో ఎక్స్‌రే క్యాసెట్‌ను తీసుకెళ్లి రీడర్‌లో పెట్టేవారు, ఆ ప్లేటు మీద ఉన్నది ఇదే, కొంచెం యూరోపియం 2+తో. 1980ల మొదట్లో ఫ్యూజీ సంస్థ తెచ్చింది. ఇంటర్‌లో ఎఫ్-కేంద్రాల గురించి చదివి ఉంటారు, ఆనయాన్ ఖాళీలో చిక్కుకున్న ఎలక్ట్రాన్. ఎక్స్ కిరణం తగిలిన చోట ఎలక్ట్రాన్లు అలా చిక్కుకుని బొమ్మను దాచుకుంటాయి. తర్వాత ఎర్రని లేజర్ తగిలితే విడుదలై యూరోపియం దగ్గరికి చేరి 390 నానోమీటర్ల దగ్గర వెలుగిస్తాయి. ఫ్లోరైడ్ చోటు, బ్రోమైడ్ చోటు రెండూ వేర్వేరు కావడం వల్ల ఖాళీలూ రెండు రకాలుగా ఉంటాయి.

యూరోపియం 2+ సంగతి వేరు, దాని వెలుగు 5డీ నుంచి 4ఎఫ్‌కు దిగడం వల్ల వస్తుంది, 5డీ బయటికి చాచి ఉంటుంది కాబట్టి పక్కనున్న ఆనయాన్‌ను బాగా పట్టించుకుంటుంది. నైట్రోజన్‌తో బంధం కోవలెంట్ స్వభావం ఎక్కువ కావడంతో 5డీ స్థాయి దిగుతుంది, అప్పుడు నీలి ఎల్‌ఈడీతోనే ఉత్తేజం పొందుతుంది. సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్, నైట్రోజన్ కలిసిన సియాలాన్‌లలో బీటా సియాలాన్ ఆకుపచ్చ ఫాస్ఫర్ (వెలుగిచ్చే పొడి), ఆల్ఫా సియాలాన్ పసుపు ఫాస్ఫర్ ఈ దారిలోనే వచ్చాయి. బీటా సియాలాన్ వెలుగు 540 చుట్టూ సన్నగా ఉంటుంది, ఎల్‌సీడీ తెరల వెనుక దీపాలకు అందుకే బాగా కుదిరింది.

లేజర్ తరంగదైర్ఘ్యం మార్చే స్ఫటికాల్లో మిశ్రమ ఆనయాన్ల అవసరం ఇంకో రకం. అక్కడ గ్యాప్ పెద్దదిగా ఉండాలి, అరేఖీయ స్పందన (తరంగదైర్ఘ్యాన్ని మార్చే గుణం) కూడా బలంగా ఉండాలి. ఇవి రెండూ ఒకదానికొకటి ఎదురు. పరారుణ లేజర్లకు వాడే సిల్వర్ గాలియం సల్ఫైడ్ గ్యాప్ 2.7 లోపే, ఎక్కువ శక్తి పంపితే దెబ్బతింటుంది. ఆక్సిజన్‌ను కూడా చేర్చితే గ్యాప్ పెరుగుతుంది, సల్ఫర్, సెలీనియంల ధ్రువణశీలతా మిగులుతుంది. బేరియం జెర్మేనియం ఆక్సీసెలినైడ్ అలాంటిది. అతినీలలోహితం వైపు పొటాషియం బెరిలియం బోరేట్ ఫ్లోరైడ్ పేరు చెప్పుకోవాలి. చైనాలో చువాంగ్‌టియన్ చెన్ బృందం దశాబ్దాలు శ్రమించి తెచ్చింది. 1064 నానోమీటర్ల లేజర్‌ను ఆరో వంతుకు, 177.3కు తీసుకెళ్లడానికి పనికొస్తుంది. ద్వివక్రీభవనం (కాంతి ధ్రువణాన్ని బట్టి వక్రీభవన గుణకం మారడం) సరిపోయినంత ఉండటం దీనికి కారణం. కష్టం కూడా ఆ ఫ్లోరిన్ దగ్గరే ఉంది. పొరల మధ్య పొటాషియం-ఫ్లోరిన్ బంధం బలహీనం కాబట్టి స్ఫటికం అట్టలుగా ఊడుతుంది, మందంగా పెరగదు. బెరిలియం విషం అదనం. 2017 నుంచి షిన్‌జియాంగ్‌లో షిలీ పాన్ బృందం బెరిలియం లేకుండా ఫ్లోరిన్‌ను నేరుగా బోరాన్‌కే కట్టిన అమ్మోనియం, సీజియం ఫ్లోరోఆక్సోబోరేట్‌లు తెచ్చింది.

ఆక్సైడ్‌తో పాటు హైడ్రైడ్ ఆనయాన్ కూడా ఉన్న ఆక్సీహైడ్రైడ్‌ల గురించి ఒక్క మాట. ఇట్రియం ఆక్సీహైడ్రైడ్ పలుచని పొరలు ఎండ తగిలితే నల్లబడి, చీకట్లో పెడితే తేటపడతాయని నార్వే పరిశోధకులు 2011లో చూపించారు. కారణంపై చర్చ ఇంకా నడుస్తోంది. తమాషాగా ఉంటుంది కానీ వాక్యూమ్ పరికరాలు లేని ల్యాబ్‌లో మొదలుపెట్టకండి.

ఇక మీరు ఏం ఎంచుకోవాలి. మీ దగ్గర ట్యూబ్ ఫర్నేస్, యూవీ-విజిబుల్, ఫ్లోరిమీటర్ ఉన్నాయని రాశారు. అమ్మోనియా లైన్ నమ్మకంగా లేకపోతే ఆక్సీనైట్రైడ్‌ల మీద థీసిస్ మొత్తం పెట్టొద్దనే చెబుతాను. బిస్మత్ ఆక్సీహాలైడ్‌లు నీళ్లలోనే తయారవుతాయి, అందుకే అక్కడ జనం కూడా ఎక్కువ. నీళ్లలో కలిపిన రంగు (డై) కాంతికి విరిగిపోయిందని చూపించే పేపరు ఇంకొకటి రాస్తే ఎవరూ చదవరు. అదే కుటుంబంలో పొరల వరస మార్చి, పైన ఉన్నది ఆక్సిజనా హాలోజనా అని తేల్చే పని చేస్తే ఇప్పటికీ విలువ ఉంది. అరుదైన మృత్తికల ఆక్సీసల్ఫైడ్‌లు మీకు బాగా నప్పుతాయి. ఆక్సైడ్, గంధకం, సోడియం కార్బొనేట్, కొంచెం పొటాషియం ఫాస్ఫేట్ కలిపి మూత పెట్టిన అల్యూమినా మూసలో 1100 నుంచి 1200 డిగ్రీల దగ్గర కాల్చి, నీళ్లతో కడిగితే వస్తాయి. అమ్మోనియా అక్కర్లేదు, సల్ఫర్, ఆక్సిజన్‌లను ఎక్స్‌ఆర్‌డీ కూడా వేరుగా చూడగలదు. యూరోపియం గీతల బలాలే చుట్టూ ఎవరున్నారో చెబుతాయి, కాబట్టి మీ ఫ్లోరిమీటర్ నిర్మాణ పరీక్షగా కూడా పనికొస్తుంది.

ఇప్పుడున్న పొడిని పారేయకండి. సగం టీజీకి పంపండి, మిగతాది పలచన చేసి 300 నుంచి 1200 నానోమీటర్ల దాకా పరావర్తనం తీయండి, పరికరం 800 దగ్గర ఆగితే వేరే డిపార్ట్‌మెంట్‌లో అడగండి. బరువు శాతం, సవరించని పరావర్తన గ్రాఫ్, అమ్మోనియా ప్రవాహం ఎంత పెట్టారో, ఈ మూడూ ఇక్కడ రాస్తే తర్వాత వేడి ఎంత పెట్టాలో చెప్పగలను.